వాలు ఎక్కడ మారుతోంది? హైదరాబాద్ నేల మీద డెమ్‌తో వాలు మార్పు పటం గీసే పద్ధతి

వాలు పటం గీయడం ఇప్పుడు రెండు క్లిక్కుల పని. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, డెమ్ (నేలను గడులుగా విడదీసి ఒక్కో గడికి ఎత్తు రాసిన డిజిటల్ నమూనా) ఫైలు ఇచ్చి, స్లోప్ నొక్కితే రంగుల బొమ్మ వచ్చేస్తుంది. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో పని అక్కడితో ఆగిపోతుంది కూడా. కానీ గుట్ట ఎక్కడ ముగిసి మైదానం ఎక్కడ మొదలవుతుంది, పైనుంచి దూకుడుగా వచ్చిన వాన నీరు ఎక్కడ నెమ్మదిస్తుంది, బండ మీది పల్చటి మట్టి ఎక్కడి నుంచి లోతైన మొరంగా మారే అవకాశం ఉంది అనే ప్రశ్నలకు ఆ పటం సూటిగా జవాబు చెప్పదు. వాటికి జవాబు వాలు మారే చోట్లను చూపే పటంలో ఉంటుంది.

మొదటి పటం నుంచి రెండోదానికి వెళ్లడానికి లెక్కలో ఒక్క మెట్టే తేడా. అయితే ఆ ఒక్క మెట్టులోనే డేటాలో ఉన్న ప్రతి చిన్న లోపమూ భూతద్దం కింద పెట్టినట్టు పెద్దదైపోతుంది. అందుకే ఇక్కడ టూల్ నొక్కడం గురించి తక్కువగా, నొక్కేముందూ నొక్కిన తర్వాతా చేయాల్సిన పని గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ప్రాంతం, ప్రశ్న

నగరం సగటున 540 మీటర్ల ఎత్తున ఉన్నా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు నేల 600 మీటర్లు దాటుతుంది. హుస్సేన్ సాగర్ నిండు నీటి మట్టం 513.41 మీటర్లు. కేబీఆర్ పార్కు నుంచి సాగర్ పడమటి ఒడ్డుకు గీత గీస్తే నాలుగైదు కిలోమీటర్లు. మొత్తం కలిపి సగటు తీస్తే వాలు రెండు శాతం చుట్టుపక్కల తేలుతుంది, అంటే దాదాపు చదును అన్నట్టే. ఆ సగటును నమ్ముకుంటే ఏమీ తెలియదు. కొన్నిచోట్ల గుట్ట పక్కన గట్టిగా ఉన్న వాలు కొద్ది దూరంలోనే ఒక డిగ్రీకి పడిపోతుంది. ఆ పడిపోయే చోటును పట్టుకోవడమే మన పని. నేర్చుకోవడానికి ఈ ముక్క బాగుంటుంది: గుట్ట ఉంది, చెరువు ఉంది, మధ్యలో దట్టమైన ఊరు ఉంది. డేటా ఎన్ని రకాలుగా మోసం చేయగలదో అన్నీ ఇక్కడే కనిపిస్తాయి.

దేనికోసం గీస్తున్నారో ముందే తేల్చుకోండి. ఒక బస్తీలో ఏ గల్లీలోకి నీళ్లొస్తాయో తెలియాలంటే 30 మీటర్ల గడులున్న ఉచిత డేటా పనికిరాదు. దానికి డ్రోన్ సర్వేనో టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరమో కావాలి. భూస్వరూపాలు గుర్తించడం, భూగర్భ జలాల అన్వేషణకు ముందు ప్రాంతాన్ని జల్లెడ పట్టడం, రోడ్డు అలైన్‌మెంట్ తొలి చూపు లాంటి వాటికి మాత్రం ఆ 30 మీటర్లే చాలు.

ఏ డెమ్ తీసుకోవాలి

ఉచితంగా దొరికేవి ప్రధానంగా నాలుగు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ మీద నుంచి 11 రోజుల్లో రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం అందరికీ తెలిసిందే. దాంట్లో ఎత్తులు పూర్ణాంక మీటర్లలో ఉంటాయి. కొండ ప్రాంతంలో ఇది పెద్ద సమస్య కాదు. మన దక్కన్ పీఠభూమి లాంటి మెత్తటి వాలు మీద మాత్రం నేల మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. 30 మీటర్ల గడిలో ఒక్క మీటరు మెట్టు వస్తే చాలు, వాలు లెక్క దాదాపు ఒక డిగ్రీ చూపిస్తుంది. చుట్టుపక్కల అసలు వాలే ఒక డిగ్రీ అయినప్పుడు ఇక ఆ పటం దేనికి?

కార్టోడెమ్ మనదే. 2005 మే 5న ప్రయోగించిన కార్టోశాట్-1 తీసిన జంట చిత్రాల నుంచి తయారైంది. బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ నడిపే భువన్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే 30 మీటర్ల వెర్షన్ ఉచితంగా దొరుకుతుంది. తెరవగానే చాలామంది కంగారు పడతారు, ఎందుకంటే హైదరాబాద్ ఎత్తు 460, 470 అని చూపిస్తుంది. ఫైలు పాడైపోలేదు. ఆ ఎత్తులు సముద్ర మట్టం నుంచి కాక ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల కోసం ఊహించిన నున్నటి ఆకారం) నుంచి లెక్కేసినవి. మన దగ్గర ఆ రెంటి మధ్య 70 మీటర్లకు పైగా తేడా ఉంటుంది. వాలు లెక్కలో పక్క పక్క గడుల ఎత్తులు ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తాం కాబట్టి అన్నింటిలో సమానంగా ఉన్న తేడా తనంతట తానే పోతుంది. టెన్షన్ అక్కర్లేదు.

నా ఓటు మాత్రం కోపర్నికస్ జీఎల్ఓ-30కి. 2011 నుంచి 2015 మధ్య టాన్‌డెమ్-ఎక్స్ ఉపగ్రహాలు సేకరించిన డేటా ఇది. ఎత్తులు దశాంశాలతో ఉంటాయి, మెట్లు ఉండవు. ఓపెన్ టోపోగ్రఫీ సైటులో అకౌంటు చేసుకుని దించుకోవచ్చు. 17 ఉత్తరం, 78 తూర్పు టైలు ఒక్కటి చాలు, నగరం మొత్తం అందులోనే పడుతుంది.

నాలుగోది ఫాబ్‌డెమ్. బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు కోపర్నికస్ నుంచి చెట్లూ భవనాలూ తీసేసి తయారుచేశారు. పైన చెప్పిన మూడూ నేలను కాక నేల మీద ఏది ఉంటే దాని పైభాగాన్ని కొలుస్తాయి. అమీర్‌పేట, మాదాపూర్ లాంటి చోట్ల ఈ తేడా చాలా పెద్దది. నగరం నడిబొడ్డున పని చేస్తుంటే ఫాబ్‌డెమ్ మేలు. కానీ దాని లైసెన్సు వ్యాపార అవసరాలకు ఒప్పుకోదు. కన్సల్టెన్సీ పనికి వాడేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. పైగా భవనాలు తీసేసిన చోట నేల ఎలా ఉంటుందన్నది మోడల్ వేసిన అంచనాయే తప్ప ఎవరూ వెళ్లి కొలిచింది కాదు.

కోఆర్డినేట్లు మార్చడం: ఇక్కడే సగం పటాలు పాడవుతాయి

దించిన ఫైలు అక్షాంశ రేఖాంశాల్లో ఉంటుంది. అడ్డం నిలువు డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో. ఇలాగే వాలు లెక్క కడితే నగరం మొత్తం 90 డిగ్రీలకు దగ్గరగా నిట్టనిలువు గోడలా వస్తుంది. కాబట్టి ముందు మీటర్లలోకి మార్చాలి. మనకు సరిపోయేది యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర జోన్, ఈపీఎస్‌జీ 32644. క్యూజీఐఎస్ రాస్టర్ మెనూలో ప్రొజెక్షన్స్ కింద వార్ప్ అనే ఆప్షన్ ఉంది. దాంట్లో ఈ కోడ్ ఇచ్చి, గడి సైజు 30 అని పెట్టండి.

హైదరాబాద్ ఆ జోన్‌కు పడమటి అంచున ఉంది. జోన్ 78 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, మనం 78.4 దగ్గర ఉన్నాం. మూసీ పుట్టే అనంతగిరి కొండలు, వికారాబాద్ 43వ జోన్‌లోకి వెళ్లిపోతాయి. మూసీ పరీవాహకం మొత్తం గీయాలంటే రెండు జోన్లలో రెండు ముక్కలు చేసి అతికించకండి, అతుకు దగ్గర లేని వాలు మార్పు పుడుతుంది. 44నే పడమటికి ఇంకొంచెం సాగదీసి వాడండి. ఆ కాస్త దూరానికి వచ్చే తేడా మన పనికి లెక్కలోది కాదు.

వార్ప్ డబ్బాలో రీశాంప్లింగ్ (పాత గడుల నుంచి కొత్త గడుల ఎత్తు తీసే పద్ధతి) అనే ఆప్షన్ ఒకటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. ముట్టుకోకపోతే నియరెస్ట్ నైబర్ (దగ్గరి గడి ఎత్తునే అలాగే తీసుకోవడం) ఉండిపోతుంది, ఈ పనికి అది విషం. కారణం ఇదీ: దించిన ఫైలులో ఒక గడి అంటే ఒక ఆర్క్ సెకండు, డిగ్రీలో 3600వ వంతు. మన అక్షాంశం దగ్గర అది తూర్పు పడమరల్లో దాదాపు 29.5 మీటర్లు, ఉత్తర దక్షిణాల్లో 30.7 మీటర్లు. దాన్ని చదరపు 30 మీటర్ల గడుల్లో కుక్కితే సుమారు 60 నిలువు వరుసలకు ఒకటి గల్లంతవుతుంది, 40 అడ్డ వరుసలకు ఒకటి రెండుసార్లు వస్తుంది. ఎత్తు పటంలో ఇది కంటికి కనబడదు. వాలు పటంలో లీలగా తెలుస్తుంది. వాలు మార్పు పటంలో మాత్రం రూలు కర్రతో గీసినట్టు నిటారు గీతలు వరసగా వచ్చేస్తాయి. చుట్టుపక్కల గడులను కలిపి లెక్కేసే బైలీనియర్ లేదా క్యూబిక్ ఎంచుకోండి, ఈ గొడవ ఉండదు.

ఆ తర్వాత మీ ప్రాంతానికి నాలుగు వైపులా కనీసం ఒక కిలోమీటరు అదనంగా ఉంచి కత్తిరించండి. ముందుముందు పెద్ద కిటికీలతో (ఒక గడి చుట్టూ తీసుకునే గడుల చతురస్రాలతో) లెక్క కట్టినప్పుడు అంచు గడులు ఖాళీగా పోతాయి.

వాలు లెక్క ఒకసారి చేత్తో

సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతోందో ఒక్కసారి కాగితం మీద చూసుకుంటే తర్వాత ఎక్కడ అనుమానపడాలో తెలుస్తుంది. ఉదాహరణకు 30 మీటర్ల గడులు తొమ్మిది అనుకుందాం, పైవైపు ఉత్తరం:

548 550 553
546 549 552
545 547 551

హార్న్ 1981లో చెప్పిన పద్ధతే క్యూజీఐఎస్ మామూలుగా వాడుతుంది. తూర్పు నిలువు వరుసను నడిమి గడికి రెట్టింపు బరువిచ్చి కూడాలి: 553 + 552 + 552 + 551 = 2208. పడమటి వరుస అలాగే: 548 + 546 + 546 + 545 = 2185. తేడా 23. దాన్ని 30కి ఎనిమిది రెట్లు, అంటే 240తో భాగిస్తే 0.096. ఉత్తర దక్షిణాలకు ఇదే పని చేస్తే కింది వరుస 2190, పై వరుస 2201, తేడా 11, భాగిస్తే 0.046. రెంటి వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 0.106. అంటే 10.6 శాతం, డిగ్రీల్లో 6కు కాస్త పైన.

నడిమి గడిలో ఉన్న 549 ఈ లెక్కలో ఎక్కడా రాలేదు, గమనించారా? అక్కడ 549 బదులు 560 ఉన్నా ఆ గడి వాలు అదే వస్తుంది. ఒంటరిగా లేచిన గుండు, ఒక టవరు తమ గడిలో తప్పించుకుని చుట్టూ ఉన్న ఎనిమిది గడులను చెడగొడతాయి. బొమ్మలో ఉంగరం ఆకారాలు కనబడితే కారణం ఇదే.

ఒక్క మీటరు పొరపాటు ఎంత పని చేస్తుంది

ఈ భాగం దాటేసి ముందుకు పోవద్దు. పని నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

ఒక గుట్ట పక్క 8 డిగ్రీలుంది, 150 మీటర్ల దూరంలో అది 2 డిగ్రీలకు తగ్గింది అనుకుందాం. నడిచేవాడికి కాళ్లకు తెలిసిపోయే మార్పు ఇది. 8 డిగ్రీలంటే మీటరు దూరానికి 0.1405 మీటర్ల దిగుడు, 2 డిగ్రీలంటే 0.0349. తేడా 0.1056ను 150తో భాగిస్తే మీటరుకు 0.0007. ఇదీ మనం వెతుకుతున్న సంకేతం.

ఇప్పుడు చదునైన నేల మీద ఒక్క గడి ఎత్తు మాత్రం ఒక మీటరు తప్పుగా ఉందనుకోండి. రెండు పక్కల గడులతో కలిపి వంపు లెక్కిస్తే రెండు పక్కల తేడాలూ కలిసిన 2ను గడి సైజు వర్గం 900తో భాగించాలి, 0.0022 వస్తుంది. అసలు గుట్ట పాదం ఇచ్చే సంకేతానికి మూడు రెట్లు! ఉచిత డెమ్‌లలో ఒక మీటరు తప్పు ఏ మూలనైనా ఉంటుంది. కాబట్టి నున్నగా చేయకుండా వాలు మార్పు పటం గీస్తే మీరు గీసేది నేలను కాదు, రాడార్ గరగరను.

నున్నన చేసే దారులు మూడు. తేలికైనది గ్రాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ఆర్.నైబర్స్‌తో 5×5 సగటు. 25 గడుల సగటు కాబట్టి ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు ఐదో వంతుకు తగ్గుతాయి. దీని దోషం, పదునైన అంచులను కూడా అరగదీస్తుంది. రెండోది వైట్‌బాక్స్ టూల్స్‌లో ఉన్న ఫీచర్ ప్రిజర్వింగ్ స్మూతింగ్. గరుకును తగ్గిస్తూ గట్లనూ అంచులనూ చాలావరకు కాపాడుతుంది. మూడోది నేను ఎక్కువగా వాడేది: విడిగా నున్నన చేయకుండా, గ్రాస్‌లోని ఆర్.పారమ్.స్కేల్‌తో పెద్ద కిటికీలోని గడులన్నింటికీ కలిపి ఒక వంపు తలాన్ని అమర్చి, దాని మీద వంపు కొలవడం. కిటికీ సైజు బేసి సంఖ్య కావాలి. 9 పెడితే 270 మీటర్ల పరిధిలో నేల తీరు తెలుస్తుంది. దానికన్నా బాగా సన్నని మార్పులు ఇక ఈ పటంలో ఉండవు. ఉన్నాయని రిపోర్టులో రాయకూడదు కూడా.

వాలు మార్పు: రెండు దారులు

మొదటిది అందరికీ తోచేదే. వాలు రాస్టర్‌నే మళ్లీ ఇన్‌పుట్‌గా ఇచ్చి స్లోప్ టూల్ ఇంకోసారి నడపడం. రెండోసారి నడిపేటప్పుడు ఫలితం డిగ్రీల్లో కాక శాతంలో వచ్చే టిక్కు పెట్టండి. మొదటి పటం డిగ్రీల్లో ఉంటే రెండోదాంట్లో 10 అన్న అంకెకు అర్థం మీటరుకు 0.1 డిగ్రీ, అంటే గడి నుంచి గడికి 3 డిగ్రీల మార్పు. ఇలా చదువుకోవచ్చు. టిక్కు పెట్టకపోతే వచ్చేది డిగ్రీల వాలుకు మళ్లీ డిగ్రీల వాలు. ఆ అంకెకు ఎవరూ అర్థం చెప్పలేరు.

ఈ దారిలో ఇబ్బందులు రెండు. గుట్ట పైఅంచు దగ్గర వాలు పెరిగినా, గుట్ట పాదం దగ్గర తగ్గినా ఇది ఒకే రంగు చూపిస్తుంది, ఏది ఏదో తెలియదు. రెండోది, గట్టు శిఖరం మీద రెండు పక్కల వాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నాకు దగ్గరవుతుంది. దాంతో ఒక్క గట్టుకు బదులు ఇటో గీత అటో గీత, రెండు పుడతాయి. నాలా లోయ అడుగున కూడా ఇంతే. త్వరగా ఒక చూపు చూడటానికి పర్వాలేదు గానీ చివరి పటానికి వద్దు.

రెండో దారి ప్రొఫైల్ కర్వేచర్. నీరు జారే దిశలో నిలువుగా కోసి చూస్తే ఆ కోత రేఖ ఎంత వంగిందో చెప్పే అంకె ఇది. గుట్ట పైభాగంలో ఉబ్బుగా వంగితే ఒక గుర్తు, పాదం దగ్గర లోపలికి వంగితే వ్యతిరేక గుర్తు. గ్రాస్‌లో ఆర్.స్లోప్.యాస్పెక్ట్ టూల్ దీన్ని నేరుగా ఇస్తుంది, ఆర్.పారమ్.స్కేల్ కూడా ఇస్తుంది. దీనితో పాటు ప్లాన్ కర్వేచర్ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది నీరు అడ్డంగా ఒకచోట చేరుతుందా విడిపోతుందా అన్నది చెబుతుంది. మన ప్రశ్న అది కాదు, పక్కన పెట్టండి.

గుర్తుల విషయంలో జాగ్రత్త. ఆర్.స్లోప్.యాస్పెక్ట్‌లో ఉబ్బుకు ప్లస్, గుంటకు మైనస్. ఆర్క్‌జీఐఎస్‌లో ప్రొఫైల్ కర్వేచర్‌కు ఉబ్బు మైనస్. అంటే ఒకే గుట్ట ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఇంకోదాంట్లో నీలం. మాన్యువల్ చదివి నమ్మడం కన్నా మీకు బాగా తెలిసిన గుట్ట మీద పరీక్షించడం మేలు. గోల్కొండ కోట గుట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది. సుమారు 120 మీటర్లు లేచిన ఒంటరి గుట్ట. పైన బాలా హిస్సార్ వైపు ఉబ్బు, కింద చుట్టూ గుంట రావాలి. మీ పటంలో పైభుజాల మీద ఏ గుర్తు వచ్చిందో చూసి, లెజెండ్‌లో దాని ఎదురుగా ఉబ్బు అని రాసేయండి.

మాస్కు, హద్దు, గీత

కర్వేచర్ రాస్టర్ మొదటిసారి తెరిస్తే మొత్తం బూడిద రంగులో ఉంటుంది. అంకెలన్నీ సున్నా చుట్టూ గుంపుగా ఉండి, రెండు కొసల్లో పొడుగాటి తోకలుంటాయి. రంగుల పరిధిని 2 నుంచి 98 శాతాల మధ్యకు కుదించి, సున్నా దగ్గర తెలుపు, అటూ ఇటూ రెండు రంగులు పెట్టండి. కింద హిల్‌షేడ్ (వెలుగునీడలతో ఎత్తుపల్లాలు చూపే పొర) పరిచి పై పొరను కొంచెం పారదర్శకం చేస్తే నేల కళ్లకు కట్టినట్టు వస్తుంది.

ఇప్పుడు పనికిరానివి తీసేయాలి. మొదట చెరువులు. కోపర్నికస్ డేటాలో హుస్సేన్ సాగర్, దుర్గం చెరువు లాంటి నీటి మీద ఒకే ఎత్తు పరిచి ఉంటుంది, అందుకే ఒడ్డు చుట్టూ నకిలీ వలయం వస్తుంది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి చెరువుల పాలిగాన్లు తెచ్చుకుని, వాటి చుట్టూ 100 మీటర్ల బఫర్ (అదనపు అంచు) వేసి మాస్కు చేయండి, అంటే లెక్కలోంచి తప్పించండి. ఆ తర్వాత పూర్తి చదును. వాలే లేని చోట నీరు జారే దిశ తేలదు, దిశ తేలకపోతే ప్రొఫైల్ కర్వేచర్‌కు అర్థం లేదు. ఒక డిగ్రీకి తక్కువున్న గడులు తీసేయమని మామూలుగా చెబుతారు. కానీ గుట్ట పాదం దగ్గర కింది సగం సహజంగానే ఒక డిగ్రీ లోపు ఉంటుంది. అలా తీస్తే మనం వెతికే గీతే సగానికి తెగిపోతుంది. దానికి బదులు చుట్టూ 5×5 గడుల్లో గరిష్ఠ వాలు ఎంతో ఆర్.నైబర్స్‌తో తీసి, ఆ గరిష్ఠమే ఒక డిగ్రీ దాటని చోట్లను మాత్రం మాస్కు చేయండి.

ఎంత వంపు ఉంటే మార్పు అనాలి? ఎక్కడో పరిశోధన పేపర్లో చదివిన అంకెను ఇక్కడికి తెచ్చుకోకండి. గడి సైజుతో, కిటికీతో ఆ అంకె మారిపోతుంది. మాస్కు వేసిన తర్వాత మిగిలిన గడుల్లో రెండు కొసల నుంచి ఐదేసి శాతం తీసుకోవడం మంచి మొదలు. మాస్కుకు ముందే ఈ లెక్క తీస్తే చెరువుల ఒడ్లే ఆ ఐదు శాతాన్ని మింగేస్తాయి.

ఆ తర్వాత ఒక ముఖ్యమైన వడపోత ఉంది, దీన్ని మానేస్తే నగరంలో ఈ పటానికి విలువే లేదంటాను. కర్వేచర్‌ను 5, 9, 15 గడుల కిటికీలతో మూడుసార్లు తీయండి, అంటే 150, 270, 450 మీటర్లు. ఒక్కోదాంట్లో హద్దు దాటిన గడికి 1, లేకపోతే 0 ఇచ్చి, రాస్టర్ కాలిక్యులేటర్‌లో మూడూ కూడండి. ఉబ్బుకు విడిగా, గుంటకు విడిగా. 3 వచ్చిన చోట్లు దాదాపుగా నిజమైన భూస్వరూపాలు. చిన్న కిటికీలో మాత్రమే కనబడి మిగతా వాటిలో మాయమైనవి ఎక్కువగా అపార్ట్‌మెంటు గుంపులు, గుండ్ల కుప్పలు, డేటా గరగర. పెద్ద కిటికీలో మాత్రమే వచ్చినవి మెల్లగా, దూరం దూరంగా జరిగే మార్పులు; వాటిని గీతగా కాక పట్టీగా చూపించడం న్యాయం.

మిగిలింది గీతలుగా మార్చడం. సీవ్ టూల్‌తో పది గడులకన్నా చిన్న ముక్కలు తీసేసి, ఆర్.థిన్‌తో సన్నబరచి, ఆర్.టు.వెక్ట్‌తో గీతలు చేయండి. సన్నబరిచినప్పుడు చేపముల్లులా పక్క కొమ్మలు వస్తాయి. 100 మీటర్లలోపు పొడవున్న వాటిని ఎంచుకుని తొలగించండి. గీతను నున్నగా సాగదీసే టూల్స్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. నున్నటి గీత చూసినవాళ్లు మన దగ్గర లేని ఖచ్చితత్వం ఉందనుకుంటారు.

హైదరాబాద్ ప్రత్యేక మోసాలు

ఇక్కడ గీతలు వచ్చాక ప్రతిదాన్నీ ఉపగ్రహ చిత్రం మీద పెట్టి ఇది నేలేనా అని అడగాలి. చెరువు కట్టలు మొదటి అనుమానితులు. ట్యాంక్‌బండ్ పక్కన లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు వైపు నేల ఒక్కసారిగా దిగుతుంది, పటంలో గట్టి గీత పడుతుంది. ఆ దిగుడు నిజమే, నేల మాత్రం మనుషులు వేసింది. దాన్ని తీసేయాలా ఉంచాలా అన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది: నీటి పారుదల చూసేవాళ్లు ఉంచాలి, భూస్వరూపాలు చూసేవాళ్లు తీసేయాలి. శివార్లలో పాత గొలుసుకట్టు చెరువుల కట్టలు ఎన్నో పటంలో సన్నని వంకర గీతలుగా బయటపడతాయి, చెరువు శిఖంలో ఇళ్లు లేచి నీరు లేకపోయినా సరే. ఈ పనిలో నాకు బాగా నచ్చే భాగం అదే.

రెండోది క్వారీలు. గుట్టను సగం కొట్టేసిన చోట ఉబ్బు, గుంట పక్కపక్కనే, చాలా గట్టిగా వస్తాయి. సహజమైన గుట్టకు ఇంత దగ్గర జంట అరుదు. మూడోది ఎత్తైన భవనాల గుంపులు, హైటెక్ సిటీ చుట్టూ చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు కట్ట కొన్నిచోట్ల పొడవాటి జంట గీతగా కనబడుతుంది, వంపు తిరిగిన తీరు చూస్తేనే రోడ్డని తెలిసిపోతుంది. చెట్ల అంచు కూడా మోసం చేస్తుంది. కేబీఆర్ పార్కు సరిహద్దు వెంట గీత పడితే అది చెట్ల ఎత్తో, నేల దిగుడో ఫాబ్‌డెమ్‌తో పోల్చి చూస్తే తేలుతుంది. రెంటిలోనూ ఉంటే ఉంచండి.

నిజమైన గీతల సంగతికొస్తే, ఈ నేల గుణం తెలిసి ఉండాలి. ఇక్కడి గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఈ రాతి నేలల్లో గుట్టకూ దాని కింది మెత్తటి వాలుకూ మధ్య మార్పు నెమ్మదిగా జరగదు, కొద్ది మీటర్లలోనే తెగినట్టు ఉంటుంది. మౌలాలి గుట్ట చుట్టూ తిరిగితే కంటికే తెలుస్తుంది. 30 మీటర్ల గడికి అంత పదును అందదు. 5×5 కిటికీలో అది 150 మీటర్ల పట్టీగా పరుచుకుంటుంది. కాబట్టి గీత సరిగ్గా ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు ఆ పట్టీలో ఏదో ఒకచోట అనే.

సరిచూసుకోవడం

కుర్చీలోంచి లేవకుండా చేయగలిగిన పరీక్ష ఎలివేషన్ ప్రొఫైల్. క్యూజీఐఎస్ 3.26 నుంచి వ్యూ మెనూలోనే ఉంది. డెమ్ లేయర్ ప్రాపర్టీస్‌లో ఎలివేషన్ ట్యాబులోకి వెళ్లి ఇది ఎత్తుల తలం అని టిక్కు పెట్టకపోతే మాత్రం ఏమీ గీయదు, ఖాళీ తెర చూసి టూల్ పనిచేయట్లేదనుకుంటారు. మీ గీతకు అడ్డంగా ఐదారు చోట్ల కోతలు తీయండి. కంటికి వంపు కనబడని చోట గీత పడి ఉంటే హద్దు మరీ వదులుగా పెట్టారన్నమాట. నిలువు స్కేలును బాగా పెంచి చూస్తే ప్రతి నేలా కొండలా కనబడుతుంది, అది గుర్తుంచుకుని చూడండి.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే రాస్టర్ కాలిక్యులేటర్‌తో ఒక ఉత్తుత్తి నేల తయారుచేయండి: సగం 8 డిగ్రీలు, సగం 2 డిగ్రీలు, మధ్యలో నిటారు గీత. దానికి ఒక మీటరు వరకు యాదృచ్ఛిక గరుకు కలిపి మీ పద్ధతంతా మొదటి నుంచి నడపండి. గీత సరైన చోట వచ్చిందా, ఎన్ని గడుల వెడల్పు వచ్చింది, దూరంగా ఎన్ని నకిలీలు పుట్టాయి అన్నది చూస్తే అసలు పటాన్ని ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది.

తర్వాత నేల మీదికి. ఫోనులో వాలు కొలిచే క్లినోమీటర్ యాప్ ఉంటే చాలు, ఫోనును నేరుగా నేల మీద కాక మీటరు పొడవు బద్ద మీద పెట్టి కొలవండి. రోడ్డు మీద కొలవకండి. బంజారాహిల్స్ రోడ్లన్నీ తవ్వీ పూడ్చీ సరిచేసినవి, వాటి వాలు నేల వాలు కాదు. పార్కులు, ఖాళీ ప్లాట్లు, గుడి గుట్టలు, దర్గా గుట్టలు పనికొస్తాయి. గీతకు పైన రెండు చోట్ల, కింద రెండు చోట్ల కొలిస్తే సరిపోతుంది. మట్టిని కూడా చూడండి: పైన బండ తేలి, కింద మొరం మొదలైతే మీ గీత సరైన చోటే ఉందనడానికి వాలు అంకెకన్నా బలమైన సాక్ష్యం అది.

గుంట గీత వచ్చిన ప్రతి చోటునూ ముంపు ప్రాంతమని రాసేయకండి. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు నగరం మునిగిన తీరులో నేల వాలుతో పాటు నాలాల వెడల్పుకూ తెగిన కట్టలకూ కూడా పాత్ర ఉంది. వాలు మార్పు పటం నీరు నెమ్మదించే చోటును చెబుతుంది. అక్కడ నిలుస్తుందా లేదా అన్నది వేరే లెక్క.

రెండు కాలాల మధ్య పోలిక

2000 నాటి ఎస్ఆర్‌టీఎం నుంచి, పదేళ్లకు పైగా తర్వాతి కోపర్నికస్ నుంచి వాలు పటాలు తీసి ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే కాలంతో వచ్చిన మార్పు తెలుస్తుందని చాలామందికి ఆశ. పెద్ద క్వారీలు, మట్టి పోసి చదును చేసిన లేఅవుట్లు నిజంగానే దొరుకుతాయి. కానీ రెండు రాడార్ల తరంగాలు వేరు, చెట్లలోకి, కట్టడాల మీద అవి ప్రవర్తించే తీరు వేరు. పైగా రెండు గ్రిడ్లు అర గడి పక్కకు జరిగినా ప్రతి గుట్టకూ ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం వస్తుంది. అలాంటి జంటలు పటం అంతటా ఒకే దిశలో కనబడితే నేల మారలేదు, పటాలు కలవలేదు. ముందు రెంటినీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టి, గోల్కొండ లాంటి మారని గుట్ట మీద తేడా దాదాపు సున్నా వచ్చాకే మిగతా నగరం వైపు చూడండి.

చివరి పటం మూలన ఈ ఐదూ రాయండి: ఏ డెమ్, దాని కాలం, గడి సైజు, ఏ కిటికీలు, ఏ హద్దు. ఉబ్బు గీతకు, గుంట గీతకు వేరు రంగులిచ్చి, మనుషులు కట్టినవని తేల్చిన గీతలను చెరిపేయకుండా చుక్కల గీతలుగా మార్చి వేరే లేయర్‌లో ఉంచండి. ఎవరో ఒకరు వచ్చి ఇక్కడ పాత కట్ట ఉండాలే అని అడుగుతారు, అప్పుడు ఆ లేయర్ ఆన్ చేసి చూపించవచ్చు.